గ్లోవ్స్‌కు రాసిన కొబ్బరినూనె

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, అంకెలు గుర్తుపడతాను, అంతే. ఇది నేను చెబుతుంటే మా రూమ్‌లో ఉండే కడప అమ్మాయి రాస్తోంది. నా గొంతు బొంగురు. మా ఆయన పోయిన రోజు ఏడ్చిన ఏడుపుకు పోయింది, మళ్లీ బాగుపడలేదు.

మస్కట్‌లో మంచు ఎక్కడిదే అని మా ఊళ్లో నవ్వేవారు. ఉంది. ఖురం వైపు, జనం డబ్బు కట్టి మంచు మీద జారే ఒక పెద్ద షెడ్డులో ఉంది. బయట ఎండ మాడు పగలగొడుతుంటే లోపల స్వెట్టర్ వేసుకోవాలి. అక్కడ నాది క్లీనింగ్ డ్యూటీ. మా ఆయనది మంచును సాపు చేసే బండి. జగిత్యాల దగ్గర పల్లెలో ట్రాక్టర్ తోలిన మనిషి.

"ఆడ మన్ను దున్నిన, ఈడ మంచు దున్నుతున్న. ఏం మొలవదు, గంతే తేడా" అనేవాడు.

ఒక ఏడాది యూనివర్సిటీ పిల్లలు ఎనిమిది మంది వచ్చారు, ఐస్ హాకీ జట్టు పెడతామని. బూట్ల కింద కత్తులు, చేతిలో వంకర కర్ర, ఒక నల్ల బిళ్ల వెంట ఉరుకులు. మొదట్లో ఉరికింది తక్కువ, పడింది ఎక్కువ. జనం రాకముందు పొద్దున ఒక గంట వాళ్లకిచ్చారు. వాళ్లకంటే ముందే మా ఆయన వెళ్లి, బండితో వేడినీళ్లు పలచగా పరిచి మంచును అద్దంలా చేసేవాడు. వేడినీళ్లు పోస్తే మంచు నునుపుగా పడుతుందంటే నేను నమ్మలేదు. చూశాక నమ్మాను.

వాళ్ల కోచ్ చలిదేశం నుంచి సంచి నిండా పాత తోలు గ్లోవ్స్ తెచ్చాడు. జట్టుకున్న ఆస్తి అదే. ముక్కు పగిలే చెమట కంపు. రేపు మొదటి మ్యాచ్ అనగా నాకు జాలేసి, వాటిని సబ్బుతో ఉతికి డాబా మీద ఆరేశాను. బొంత కంపు కొడితే ఎండలో వెయ్యమా? అదే తెలివి. మధ్యాహ్నానికి అవి వడియాల్లా బిగుసుకున్నాయి. అరచేతి తోలు చిట్లింది.

జట్టు కెప్టెన్ ఒమానీ పిల్లాడు, హిందీ బాగా వచ్చు. ఒక గ్లోవ్ తీసి నేల మీద కొట్టాడు, టకటకమంది. "అమ్మా, యే క్యా కియా?" అన్నాడు, ఇదేం చేశావని, ఏడుపు మొహంతో. కోచ్ వచ్చి ఎవరు చేశారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన "మై కియా సార్" అని తన మీద వేసుకున్నాడు. పక్కకు తీసుకుపోయి నన్ను కసిరాడు: "నోర్ముయ్. నీ డ్యూటీ పోతది."

తర్వాత తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో వేలు, ఒక్కో అరచెయ్యి నూనెతో పిసికాడు. "మా నాయిన చెప్పులు గిట్లనే మెత్తగ జేసెటోడు. తోలంటే తోలే గదనే" అన్నాడు. పొద్దుగూకేసరికి తోలు లొంగింది.

మర్నాడు షెడ్డంతా కొబ్బరినూనె వాసన. కెప్టెన్ వాసన చూసుకుని మా ఆయనతో "చాచా, ఆజ్ సబ్ హమ్‌కో కేరళా టీమ్ బోలేగా!" అన్నాడు. ఇవాళ జనం వాళ్లను కేరళ జట్టంటారట. అందరూ ఒకటే నవ్వు. ఓడిపోయారు. ఒక్క గోల్ మాత్రం కొట్టారు. అది కొట్టిన కెప్టెన్ పరుగున వచ్చి, తన గ్లోవ్ తీసి మా ఆయన చేతికి తొడిగాడు.

అప్పటినుంచి ఏటా మొదటి మ్యాచ్‌కు ముందు జట్టంతా వరసలో నిలబడేది. మా ఆయన ఒక్కో అరచేతిలో ఒక్కో నూనె చుక్క రాసేవాడు. తర్వాత నూనె అక్కర్లేని కొత్తరకం గ్లోవ్స్ వచ్చాయి. అయినా నిలబడేవారు. ఎనిమిది మంది ఇరవై మందయ్యారు, ఆడపిల్లలు చేరారు, పక్క దేశాలకు పోయి ఆడొచ్చారు, కప్పులు తెచ్చారు.

పోయిన ఏడు ఎండాకాలం మా ఆయన బండి దిగుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. శవాన్ని ఊరికి తీసుకుపోయాను. అన్నీ అయ్యాక ఒక్కదాన్నే తిరిగొచ్చాను.

ఆ కెప్టెన్ ఇప్పుడు ఆ జట్టుకే కోచ్. యూనివర్సిటీలో జట్టు చరిత్రంతా ఒక గోడ మీద పెడుతున్నామని, పాత ఫొటోల్లో ఎవరెవరో చెప్పమని నన్ను పిలిచాడు. నేను ఒక్క ఆశతో పోయాను: ఆ గోడ మీద మా ఆయన ఉండాలి.

ఫొటోలన్నీ చూశాను. అందరినీ చెప్పాను. మా ఆయన ఒక్కదాంట్లో కూడా లేడు. ఎట్లా ఉంటాడు? కెమెరా ఆయన చేతికే ఇచ్చేవారు కదా. ఒక ఫొటోలో పిల్లల కాళ్ల కింద మంచు తడిగా మెరుస్తోంది. దాని మీద వేలు పెట్టి "యే మేరా ఆద్మీ", ఇదే మా ఆయన, అన్నాను. అక్కడి ఆఫీసరమ్మ వంగి చూసింది.

"ఇధర్ కోయీ నహీ హై, అమ్మా."

అక్కడెవరూ లేరంది. గోడ మీద ఆటగాళ్లు, కోచ్‌లే ఉంటారని చెప్పింది. కెప్టెన్ వాదించాడు. "ఫొటో హై క్యా?" అని అడిగిందామె. ఆమె తప్పేం లేదు. లేని మనిషిని ఎక్కడ పెడుతుంది?

అప్పుడు కెప్టెన్ బయటికి వెళ్లి, మొదటి మ్యాచ్‌లో వేసుకున్న గ్లోవ్స్ జత తెచ్చాడు. వాటిని అద్దాల పెట్టెలో పెడతామంటే ఆమె ఒప్పుకుంది. తోలు మళ్లీ ఎండిపోయి ఉంది. నా తలకు రాసుకునే సీసా సంచిలోనే ఉంది. ఒక్క నిమిషం ఆగమని, కింద కూర్చుని ఒక్కో వేలికి రాశాను. బొటనవేలి దగ్గర నా వల్ల పడిన చీలిక అట్లాగే ఉంది. కెప్టెన్ ఒక గ్లోవ్ ముక్కుకు ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. "చాచా" అన్నాడు.

పెట్టెలో పెట్టి అద్దం బిగించారు. పక్కన పెట్టిన కార్డు మీద ఏం రాశారో కెప్టెన్‌ను చదివి చెప్పమన్నాను. జట్టు పేరు, మొదటి మ్యాచ్ అన్న మాట, అంతే ఉందట.

అందరూ పోయాక అద్దానికి ముక్కు ఆనించి చూశాను. వాసన రాలేదు.