సీసాల పిన్ని ఎడమ చెయ్యి

కొట్టులో ముఖానికి రాసుకునే క్రీముల దగ్గర నిలబడే ఆవిడని అందరూ సీసాల పిన్ని అనేవారు. ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. బిల్లులు కొట్టే అమ్మాయి మొదలుపెట్టింది, యజమాని అందుకున్నాడు, ఆ తర్వాత ఆవిడకంటే వయసులో పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలవసాగారు. మొదట్లో మొహం ముడుచుకునేది. పోనుపోను అలవాటైపోయింది.

అమ్మడానికి పెట్టుకున్న మనిషే కానీ ఆవిడ అమ్మేదానికంటే పోల్చేదే ఎక్కువ. ఎవరైనా వచ్చి “పిన్నీ, ఈ రెండింట్లో ఏది మంచిది?” అంటే చాలు, రెండు అట్టపెట్టెల్నీ బోర్లా తిప్పి పక్కపక్కన పడుకోబెట్టి, మెడలో వేలాడే భూతద్దం కంటికి ఆనించి, ఆ చీమకాళ్లలాంటి అక్షరాల మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టేది.

“ఇదిగో, దీన్లో మొదట నీళ్లు. దాన్లోనూ మొదట నీళ్లే. ఏది ఎక్కువ వేస్తే అది ముందు రాస్తారమ్మా. తర్వాత గ్లిజరిన్. ఇక్కడా అదే. ఇప్పుడు పెట్టె ముందువైపు చూడు, ఎంత పెద్ద పువ్వు బొమ్మ వేశాడో! మరి లోపల ఆ పువ్వు ఎక్కడుంది? సెంటు కూడా అయిపోయాక, అన్నిటికంటే అడుగున. ఆ పువ్వుని క్రీములో వెయ్యలేదు, గిన్నె పక్కనుంచి నడిపించుకుపోయారు, అంతే.”

కొనడానికి వచ్చినవాళ్లు నవ్వుకుని చవకది పట్టుకుపోయేవారు. యజమాని లోపల పళ్లు నూరుకునేవాడు. కానీ పోయినవాళ్లు మళ్లీ వచ్చేటప్పుడు అక్కనీ పక్కింటావిడనీ వెంటబెట్టుకుని వస్తుంటే ఏమంటాడు? ఊరుకున్నాడు.

చదవడంతో ఆగి ఉంటే చెప్పుకోవడానికి ఏమీ లేకపోయేది. లేబులు సగమే చెబుతుందని ఆవిడ నమ్మకం. మిగతా సగం సొంత చేతి మీద చూసుకునేది. కొత్త సరుకు రాగానే ఎడమచేతికి లోపలివైపు బాల్‌పెన్నుతో చిన్నచిన్న గళ్లు గీసి, గడికొక క్రీము రాసి, పక్కన గుర్తుకి ఒక అక్షరం వేసుకునేది. రెండు రోజులపాటు ఆ చేతికి నీటిచుక్క తగలకూడదు. స్నానం చేసేటప్పుడు తెర పక్కనుంచి చెయ్యొక్కటీ బయటికి చాపి ఉంచేది. వాళ్లాయన టైలరు. “ఆ చెయ్యి కొట్టువాళ్లది, మిగతా మనిషి నాది” అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఆవిడ చొక్కాలన్నిటికీ ఎడమచెయ్యి మణికట్టు నుంచి మోచేతిదాకా విప్పుకునేట్టు గుండీలు కుట్టిపెట్టింది ఆయనే.

ఇదంతా సరదాకి మొదలైంది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సంగీతం టీచరుకి, లేబులు చదివి, ఇందులో భయపడేదేమీ లేదని చెప్పి ఒక క్రీము ఇచ్చింది. మూడో రోజున ఆ టీచరు బూరెల్లా పొంగిన బుగ్గలతో, సరిగా తెరుచుకోని కళ్లతో కొట్టులోకి వచ్చింది. తిట్టలేదు. “మీరు చెప్పారనే రాసుకున్నాను” అని మాత్రం అంది. ఆ మాటకి సీసాల పిన్నికి అన్నం సయించలేదు. అప్పటినుంచీ తన చేతి మీద నిలవని సరుకుని ఇంకొకరి ముఖానికి పంపలేదు. ఎర్రబడిందా, వచ్చిన దారినే వెనక్కి. జనం కూడా లేబులు మాట ఎత్తడం మానేసి “పిన్నీ, మీ చెయ్యేమంది?” అని అడగడం నేర్చుకున్నారు. ఆ అడగడం ఆవిడకి నచ్చింది. కొంచెం ఎక్కువే నచ్చింది.

ఇక వదిన సంగతి. వదినంటే సొంత అన్న పెళ్లాం. సబ్బుల ఫ్యాక్టరీలో మరగబెట్టే విభాగంలో పనిచేసేది. గొంతు పెద్దది, మాట ముక్కుసూటి. ఇంటికొస్తే చాలు, అడక్కుండానే వంటింటి అరలు సర్దేసేది. “నువ్వు అట్టపెట్టెలు చదువుతావు, మేం లోపలిది వండుతాం” అని పదిమందిలో అనేసేది. అన్నకి ఇద్దరిమధ్యా పడి నలగడం ఇష్టంలేక, ఇద్దరూ ఒకచోట ఉన్నప్పుడు పేపరు తెరిచి పట్టుకునేవాడు.

అలాంటి వదిన ఉన్నట్టుండి ఫ్యాక్టరీ మానేసి, ఇంట్లో క్రీము తయారుచెయ్యడం మొదలుపెట్టింది. తేనెమైనం, నూనె, నీళ్లు, గ్లిజరిన్, చివర చెడిపోకుండా ఉండటానికి కొద్ది చుక్కల మందు. ఆ మందు పేరు పలకాలంటే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. పెద్ద కంపెనీల పెట్టెల మీద కూడా ఉండేదే. కొట్టులోవాళ్లు దానికి రైలుబండి అని పేరు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే వదిన క్రీము బాగుంది. తెల్లగా, జిడ్డు లేకుండా, వేలికి తగలగానే ఇంకిపోయేది. వీధిచివరి చిన్న దుకాణాలు కొన్ని తీసుకున్నాయి. అయితే దానిమీదే బతకాలంటే సీసాల పిన్ని కొట్టులో ఒక అర దొరకాలి. అది వదినకీ తెలుసు, పిన్నికీ తెలుసు.

“పిన్ని చెయ్యి ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం?” అన్నాడు యజమాని వదినతో.

వదిన తానే స్వయంగా డబ్బా మూత తీసి పిన్ని చేతి మీద గడిలో రాసింది. మర్నాటికి ఆ గడి గులాబీరంగుకి తిరిగింది, ఆ పై రోజుకి ఎర్రగా కంది దురద పెట్టింది. దాచడం దేనికి, అది చూసి సీసాల పిన్నికి సంతోషమేసింది. వండేవాళ్లం మేం అన్న నోరు ఇప్పుడేమంటుందో చూద్దామనిపించింది. ఆ సంతోషం ఉన్నది కాసేపే, అయినా ఉన్నమాట నిజం.

ఆ సాయంత్రం కొట్టు నిండా జనం. వదిన డబ్బాల పెట్టెతో సహా వచ్చింది. పిన్ని చొక్కా చేతి గుండీలు విప్పి, చెయ్యి చాపి, “నా చెయ్యి ఒప్పుకోలేదు వదినా” అంది, పక్కవాళ్లకి కూడా వినపడేట్టు. వదిన వంగి ఆ మచ్చని చూసింది. ఒక్కమాట కూడా అనలేదు. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే ఆ కబురు చిన్న దుకాణాలకీ పాకి, వాళ్లు కూడా డబ్బాలు తిప్పి పంపేశారు. వదిన మళ్లీ సబ్బుల ఫ్యాక్టరీకి వెళ్లి బతిమాలుకుంటే, పాత పని లేదని చెప్పి, పెట్టెలకి టేపు అంటించే దగ్గర కూర్చోబెట్టారు.

తర్వాత పిన్ని చేతికి తిక్క పుట్టింది. వచ్చిన సరుకులో చాలావాటికి ఎర్రబడటమే. చివరికి తాను ఏళ్లుగా ఒంటికి రాసుకుంటున్న లోషన్‌కి కూడా వీపంతా దద్దుర్లు లేచాయి. అప్పుడు వదిన క్రీము దగ్గర్నుంచీ రాసి చూసినవాటి ఖాళీడబ్బాలన్నీ నేలమీద పేర్చింది. కందినవి కిటికీవైపు, కందనివి తలుపువైపు. భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చదివింది. కిటికీవైపున్న ప్రతిదాంట్లోనూ రైలుబండి ఉంది. తలుపువైపున్న దేన్లోనూ లేదు.

“దొరికాడండీ దొంగ!” అని వాళ్లాయన్ని కుట్టుమిషను మీదనుంచి లేపి మరీ చూపించింది. ఆయన డబ్బాల వంకా ఆవిడ వంకా చూసి, “దొంగ సంగతి తర్వాత, ముందు ఆ వీపు డాక్టరుకి చూపించు” అన్నాడు.

చర్మం డాక్టరమ్మ దద్దుర్లు తగ్గేదాకా ఆగి, వీపు మీద ఒక్కోదాంట్లో ఒక్కో మందు వేసిన పట్టీలు వరసగా అంటించి, రెండు రోజులు పోయాక తీసి చూసింది. పిన్ని చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. “మీరు కనిపెట్టింది నిజమేనండీ. మీకు ఆ మందే పడటం లేదు” అంది.

“అంటే అది విషమే కదండీ?”

“కాదు. చాలామందికి ఆ కాస్త మోతాదు ఏమీ చెయ్యదు. కొందరికి పడదు. మీకు ఒకప్పుడు పడేది. రోజూ అదే చేతికి రాసి రాసి, మీ ఒంటికి దాన్ని శత్రువుని చేసి కూర్చోబెట్టారు. ఇక ఆ పగ ఒంట్లోంచి పోదు.”

“మరి నా చెయ్యి చెప్పేది…”

“మీ చెయ్యి మీ సంగతి చెబుతుంది. ఇంకొకరి సంగతి దానికెలా తెలుస్తుంది?”

ఇంటికి వెళ్తూ బస్సులో కూర్చున్నంతసేపూ సీసాల పిన్ని కళ్లముందు వదిన మోసుకుపోయిన పెట్టె తప్ప ఇంకేమీ లేదు.

యజమానికి చెబితే ఆయన తల గోక్కున్నాడు. “కుడిచెయ్యి ఉందిగా?” అన్నాడు. ఒళ్లంతా ఒకటేనండీ అంటే, కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. “ఎవరికీ చెప్పకు పిన్నీ. నీ చెయ్యి చూసే జనం వస్తున్నారు. మీ వదిన క్రీము గురించేగా నీ బాధ? ఆవిడ ఏదో లోపం ఉంటే సరిచేసుకుందని చెప్పి మనమే అరలో పెడదాం. ఆవిడకి అర దొరుకుతుంది, నీ మాటా పోదు.”

ఎటునుంచి చూసినా ఎవరికీ నష్టంలేని ఏర్పాటు. ఒక్క వదిన పేరుకి తప్ప. పిన్ని సరేనంది. మనిషన్నాక అంత తేలిగ్గా దొరికినదాన్ని వద్దనుకోవడం కష్టమే.

ఆదివారం పొద్దున అన్నావాళ్లింటికి వెళ్లింది. అన్న యథాప్రకారం పేపరు తెరిచాడు. వదిన వంటింట్లో ఉంది. పొయ్యి పక్కన బల్లమీద చిన్నచిన్న గిన్నెల్లో క్రీములున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో కాగితంముక్క అంటించి ఉంది. మైనం లేకుండా, నూనె మార్చి, గ్లిజరిన్ తీసేసి.

“నువ్వే వచ్చావు, మంచిదైంది,” అంది వదిన. “ఏం మార్చాలో చెప్పవే అమ్మాయ్. ఒక్కోటీ తీసేసి వండుతూనే ఉన్నాను. ఎన్ని చేసినా నా చేతికి ఏమీ కావట్లేదు. నాదా, సబ్బునీళ్లలో నానిపోయిన చర్మం, దీనికేం తెలుస్తుంది! నీ చేతికైతే తెలుస్తుంది. ఇవన్నీ రాసుకుని చూస్తావా?”

యజమాని ఉపాయం ప్రకారం చెప్పాలని సీసాల పిన్ని దారంతా కూడగట్టుకొచ్చిన మాటలు ఇక పనికిరాలేదు. ఆ గిన్నెల్ని చూసి సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. “మార్చాల్సింది ఏమీ లేదు వదినా. నీ క్రీములో తప్పులేదు. నా చెయ్యే చెడిపోయింది” అని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పేసింది. యజమాని చెప్పిన ఉపాయం కూడా దాచలేదు.

వదిన గరిటె కడిగి పక్కన పెట్టింది. “అయితే ఆ మాట అక్కడ చెప్పు. నువ్వెక్కడ నా క్రీముని కాదన్నావో అక్కడే” అంది.

చెప్పింది. మర్నాటి సాయంత్రం, జనం ఉన్నప్పుడే, చొక్కా చేతి గుండీలు విప్పి చూపించి చెప్పింది. కొందరు నవ్వారు. ఒకావిడ, పిన్ని మాట పట్టుకుని తనకి ఎంతో నప్పిన క్రీముని మానేసినావిడ, అందరిముందూ ఒంటికాలిమీద లేచింది. సంగీతం టీచరు మాత్రం, “మరిప్పుడు మేమెవర్ని అడగాలి?” అంది దిగులుగా. పిన్ని బాల్‌పెన్ను తీసుకుని “మీ చెయ్యి ఇలా ఇవ్వండి” అంది. ఆవిడ చేతిమీదే ఒక గడి గీసి, వదిన క్రీము రాసి, రెండు రోజులాగి రమ్మంది. యజమాని లోపలినుంచి చూసి నుదురు కొట్టుకున్నాడు. ఆ నెలంతా అమ్మకం పడిపోయింది. ఉద్యోగం తీసెయ్యలేదు గానీ, పిన్ని మాటకి పూర్వం ఉన్న విలువ మళ్లీ రాలేదు. టీచరు చెయ్యి కందలేదు. ఇంకో ఇద్దరు ముగ్గురివీ కందలేదు. ఒకామెది కందింది, ఆమెకి ఇవ్వలేదు. అర సగం ఖాళీ చేసి వదినకిచ్చారు.

వదిన ఫ్యాక్టరీ సెలవురోజున పెట్టె తెచ్చి, ఎప్పట్లాగే అడక్కుండానే అర తుడిచి డబ్బాలు సర్దసాగింది. సీసాల పిన్ని పక్కనే నిలబడి ఒక్కొక్కటీ అందించింది. కొట్టులో ఇంకా ఎవరూ రాలేదు. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. అయినా లోపల తొలిచేస్తుంటే ఆగలేకపోయింది.

“వదినా, ఆ రోజు నా చెయ్యి కందినప్పుడు నాకు సంతోషమేసింది.”

వదిన చేతిలో డబ్బా అరలో పెట్టి, పేరు ముందుకొచ్చేట్టు తిప్పింది.

“తెలుసు,” అంది. “ఆ రోజే నీ మొహంలో కనిపించింది. మొహం ఎలా ఉన్నా నీ చెయ్యి అబద్ధం చెప్పదనుకున్నాను. అందుకే మాట్లాడకుండా వెళ్లిపోయాను.”