మోటారు తాగిన ఆముదం

సవతి ఉన్న ఆడవాళ్ళను చూస్తే నాకు జాలి కలిగేది కాదు. సవతి అయితే తిట్టడానికైనా పనికొస్తుంది, తిరిగి తిడుతుంది, జుట్లు పట్టుకోవచ్చు. నా పోరు ఇనుముతో.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ఇంటాయన వనపర్తిలో పిండి గిర్ని నడిపేవాడు. గిర్ని పక్కనే సైకిళ్ళు బాగుచేసే దుకాణం. ఆ దుకాణం సాయెబు ఆయనకు ప్రాణస్నేహితుడు. నన్ను వదినమ్మా అని పిలిచేవాడు, నేను భాయి అనేదాన్ని. ఒకనాడు ఇద్దరూ కర్నూలు పోయి, ఎడ్లబండి మీద ఒక పాత మోటారు సైకిలు వేసుకొచ్చారు. చక్రాలున్నాయి, గేర్లున్నాయి, హ్యాండిలుంది. ఇంజను మాత్రం పగిలి ముక్కలయింది.

"పాత ఇనుమోనికి అమ్ముకోరాదు?" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళమ్మను తిట్టినా అట్లా చూసేవాడు కాదు.

బర్రె చచ్చిపోయి కొట్టం ఖాళీగా ఉండేది. అందులో దానికి చోటు చేశారు. తర్వాత ఇంజను వేట. మన్ననూరులో కలప కంట్రాక్టరు ఒకాయన గుడారంలో దీపాల కోసం చిన్న పెట్రోలు ఇంజను పెట్టుకున్నాడట. పని ముగించుకొని పోతూ దాన్ని వదిలించుకుంటున్నాడని తెలిసి, నాగర్‌కర్నూలు మీదుగా పోయి పట్టుకొచ్చారు. భాయి దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని దించాడు.

"గిది టూ స్ట్రోకు, వదినమ్మా. చిన్నదే గని రోషం గలది. నూనె యేరే పొయ్యరు దీనికి, పెట్రోల్ల కలిపి తాపిస్తరు."

ఒకచోట కూర్చొని దీపాలు వెలిగించే ఇంజను అది. పరుగెత్తే బండిలో కూర్చోనంది. బండికున్న బెజ్జాలు, దాని కాళ్ళు కలవలేదు. కమ్మరి దగ్గర ఇనుప పట్టీలు కొట్టించారు. బిగిస్తే గొలుసు వంకరగా లాగింది. ఈ పండ్ల చక్రానికీ ఆ పండ్ల చక్రానికీ మధ్య దారం పట్టి చూసి, పట్టీలు విప్పి, ఆకురాయితో రాకి, మళ్ళీ బిగించేవారు. రోజూ ఇదే తతంగం. నాకు తలనొప్పి అంటే "పండుకోరాదు" అని పోయే మనిషి, దాని ఒక్కొక్క ముక్కనూ గ్యాసునూనెలో కడిగి, నా పాత చీరె పేలికతో తుడిచేవాడు. పిండితో తెల్లబడ్డ చెవిని దాని పొట్టకు ఆనించి వినేవాడు. నా పొట్టలో వినడానికి ఏమీ లేకపాయె.

అదీ నా మంట. పెళ్ళయి ఏళ్ళు గడుస్తున్నా నా కడుపు పండలేదు. మా ఇండ్లలో బిడ్డ పుట్టకముందే తల్లిగారింటి నుంచి బాలింత ఆముదం రావాలి. పసిబిడ్డ మాడుకు పెట్టడానికి, ఒంటికి రాయడానికి. నేను కాపురానికొచ్చిన మరుసటేడే వీపనగండ్ల నుంచి మా అమ్మ పంపింది. చేలో పండిన ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో ఉడికించి, పైకి తేలిన తేట తీసి కుండకు పోసింది. నేను మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టాను. పండగలకు ఇల్లు దులిపినప్పుడల్లా దించి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని.

ఒకనాడు నీళ్ళకు పోయి వచ్చేసరికి అటక మీద కుండ లేదు.

కొట్టంలోకి పోయి చూద్దును కదా, ఇద్దరూ డబ్బాలో పెట్రోలు పోసి, నా ఆముదం పోసి, చల్ల చిలికినట్టు చిలుకుతున్నారు. యుద్ధం వల్ల ఇంజను నూనె దొరకడం లేదు. విమానాలకు కూడా ఆముదమే పోస్తారని భాయి ఎక్కడో విన్నాడట.

"పాలమూరంత ఆముదమే పండుతది. నా కుండే దొరికిందా మీకు?" అన్నాను.

"గింత తేట ఆముదం ఇంకేడ దొరుకుతదే? ఊకెనే ఉన్నది గద పైన," అన్నాడాయన, తల కూడా ఎత్తకుండా.

ఊకెనే ఉన్నదట. నేను కూడా ఊకెనే ఉన్నాను కదా అనుకొని ఇంట్లోకి పోయాను.

మొదటిసారి కాలితో తన్నినప్పుడు ఆ ఇంజను రాజుకున్నది గాని, ఎదురు తిరిగింది. టూ స్ట్రోకుకు ఆ గుణం ఉన్నదట, ఎటైనా తిరుగుతుందట. ఆయన ముందుకు పోదామని గేరు వేస్తే వెనక్కు ఉరికి, ఆయనతో సహా పెంటకుప్పలో పడింది. చాలా రోజులకు కడుపునిండా నవ్వాను. మర్నాటికి భాయి ఆ రోగం కుదిర్చాడు. మోటారు పటపటలాడుతూ వీధిలోకి పోయింది. వాడంతా తెల్లటి పొగ. అది మామూలు పొగ కాదు, బాలింత ఉన్న ఇంటి వాసన. పక్కింటావిడ ముక్కు ఎగబీల్చి మా గడపలోకి వచ్చింది.

"ఎవలకు కాన్పయింది?"

"మా ఇంటాయనకు," అన్నాను. "కొట్టంల పండవెట్టినం. సూసిపో."

ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. వాడలో అదొక్కటే మోటారు కాబట్టి దాని వైభవం చెప్పనలవి కాదు. ఆడది వెనక కూర్చుంటే ఊరు నవ్వుతుందని మా అత్త ముందే తేల్చింది, కనుక వెనక సీటు భాయిది. ఇద్దరూ గద్వాల దాకా పోయొచ్చారు. నది దగ్గర మోటారును పుట్టిలో కూర్చోబెట్టి దాటించారట. నన్ను గడప దాటించని మనిషి దాన్ని కృష్ణ దాటించాడు. ఆ ముచ్చట ఇద్దరూ నవ్వుతూ చెబుతుంటే, నా ముఖం ఆముదం తాగినట్టయింది.

అట్లా తిరిగి తిరిగి కుండ అడుగంటింది. నాతో ఒక్కమాట అనకుండా, వీపనగండ్ల పోతున్న బండివాడి చేత ఆయన మా అమ్మకు కబురు పెట్టాడు. ఆముదం అయిపోయింది, ఇంకో కుండ కావాలని.

ఎద్దు ఈనిందంటే దూడను కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, మా అమ్మ ఇంకేమీ అడగలేదు. కబురు అందిన మర్నాడే మా వాకిట్లో బండి దిగింది. ఒళ్ళో ఆముదం కుండ, చంకలో సొంఠి మూట, పొత్తిగుడ్డలకని నలిగి మెత్తబడ్డ పాత చీరెలు. దిగీదిగగానే నా పొట్ట మీద చెయ్యి వేసింది.

"ఎన్నో నెల, బిడ్డా? నాకు ముందుగాల చెప్పొద్దా?"

ఆ సమయానికే ఆయనా, భాయీ మోటారు మీద వాకిట్లోకి వచ్చారు. పొగ మమ్మల్ని కమ్మింది. అమ్మ ఆ వాసన చూసింది. మోటారును చూసింది, నన్ను చూసింది. నా పొట్ట మీది చెయ్యి మెల్లగా తీసుకుంది.

"అత్తా, గది... మోటారుకని," అన్నాడాయన.

"మంచిదయ్యా," అంది అమ్మ. "దేనికన్న పనికొచ్చింది."

భాయి మాత్రం తల దించుకొని బయటికి పోయాడు. నేను అమ్మకు కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేశాను. బండివాడు నిన్ననే కబురు చెప్పాడని అమ్మ అంది. అప్పుడు తట్టింది నాకు. ఆముదం కాచడం ఒక్కపూట పని కాదు. గింజ ఎండాలి, వేగాలి, దంచాలి, ఉడకాలి.

"కబురు నిన్ననే గద అందింది. గింత ఆముదం ఎప్పుడు కాంచినవమ్మా?"

అమ్మ నావైపు చూడలేదు. చీరెలు మళ్ళీ మూట కడుతూ చెప్పింది.

"ఏడాదికో కుండ కాంచి పెడ్తనే ఉన్న, బిడ్డా. కొత్తది కాంగనే పాతది దీపాలకు పోస్తున్న."

సాయంత్రం అమ్మ బండి ఎక్కి పోయింది. ఆమె అటు పోగానే ఆయన ఖాళీ డబ్బా పట్టుకొని వచ్చాడు. నేను కుండను అటకెక్కించి, నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇంకేడన్న సూస్కో," అన్నాను. "గిది నా బిడ్డది."

ఏ బిడ్డ అని ఆయన అడగలేదు. డబ్బా పట్టుకొని వెనక్కి తిరిగాడు. తర్వాత గానుగ ఆముదం తెచ్చి పోశారు. నల్లటి మడ్డి నూనె అది, ఇంజను పట్టుకుపోతుందని, గొంతు మూసుకుపోయి చస్తుందని ఎదురుచూశాను. చావలేదు. పొగ ఇంకాస్త ఎక్కువ పెట్టింది గాని, బాగానే నడిచింది. నా కుండతో దానికి అవసరమే లేకపోయింది.