గుండెల మీద చెయ్యి

ఆమె నా క్లాస్‌మేట్ అని మా నాన్నకు నేను ఎన్నడూ చెప్పలేదు.

డిగ్రీ చదువుతూనే ఆమె ఇన్సూరెన్స్ ఏజెంటయింది. క్లాసులు కాగానే దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో ఇల్లిల్లూ తిరిగేది. ఎదుటివారి చావు గురించి వాళ్లింట్లోనే ఎలా మాట్లాడటం? అందుకని గుండెల మీద చెయ్యి పెట్టుకుని, ఆ చావును తన మీదే వేసుకుని చెప్పేది.

ఒక సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో మా ఇంటికే వచ్చింది. అప్పటికి ఆమె ఒక్క పాలసీ కూడా చేయించలేదు.

"అంకుల్, రేపు నాకేమన్నా అయితే మా అమ్మ ఎట్ల బతుకుతది?"

"పెళ్లి కావలసిన పిల్లవి, అవేం మాటలమ్మా" అని నవ్వి, నాన్న నావైపు తిరిగాడు. "మీ కాలేజీయేనట. తెలుసా నీకు?"

తెలుసంటే పాలసీ తీసుకునేవాడే. గడప గడపకూ తిరిగే పిల్ల నా స్నేహితురాలని ఒప్పుకోవడానికి సిగ్గేసి, తెలియదన్నాను. ఆమె ఒక్కసారి నన్ను చూసి, ఇచ్చిన మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

నాకు యాభై దాటాక, మొన్న పాలసీ కోసం ఆమె ఆఫీసుకే వెళ్లాను. గుర్తుపట్టి చాయ్ తెప్పించింది. మాటల్లో చెయ్యి అలవాటుగా గుండెల మీదికి పోయింది.

"రేపు నాకేమన్నా అయితే..."

"నీ మీద వేసుకోకు" అన్నాను. "నా మీద వేసి చెప్పు. ఆ రోజు నువ్వెవరో తెలియదన్నాను. నన్ను క్షమించు."