నేలలో పాతిన రోలు

మొన్న మా కల్లూరు వీధిలో ఒక ఇంటాయన పాత నాపబండలు తీయించి టైల్స్ వేయించుకుంటుంటే, తీసిన బండలు తనవేనని ఆయన, తీసినవాడివేనని కాంట్రాక్టరు వాదులాడుకుని, పెద్దమనిషినని తీర్పు కోసం నా దగ్గరికి వచ్చారు. ఈ విషయంలో నాకంటే తెలివితక్కువవాడు జిల్లా అంతా గాలించినా దొరకడని పాపం వాళ్లకేం తెలుసు!

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, ఆత్మకూరులోని మా మట్టిమిద్దె పడగొట్టి కొత్తిల్లు కట్టే పని ఒక మేస్త్రికి ఒప్పజెప్పాను. అమ్మ అప్పుడు అక్క కాన్పుకని కడపకు పోయి ఉంది. పాతవాటిలో ఏమేమి ఉంచమంటారని మేస్త్రి అడిగితే, చెదలు తిన్న దూలాలే కదా అనుకుని, పెట్టెలూ బిందెలూ బయట పెట్టించి, మిగిలిన ఇల్లంతా నువ్వే ఎత్తుకపొమ్మని నలుగురి ముందు జమీందారులా చెయ్యి ఊపాను. మా వైపు అలా అన్నామంటే పత్రం రాసిచ్చినట్టే. అమ్మ తిరిగొచ్చి చూస్తే వంటింటి మూల గుంత మిగిలింది. అక్కడ నేలలో పాతి ఉండిన, అవ్వ చేతి నుంచి తన చేతికి వచ్చిన రోలు, బండలతో పాటే మేస్త్రి ఇంటికి చేరిపోయింది. నోరు జారి రోలు పోగొట్టుకున్నవాణ్ని నేనే.

అమ్మ నన్ను తిట్టలేదు. పచ్చడి నూరను రోలు లేక సంగటి ముద్దను ఉత్త మజ్జిగతో మింగింది. అది చూడలేక రోలు తిరిగిమ్మని అడగబోతే మేస్త్రి నవ్వాడు.

"నేలలో పాతిండేది సామానెట్లయితాది సార్? అది ఇల్లే గదా. ఇల్లు నాకిచ్చినారు గదా!"

ఆ తర్కంలో నాకు సందు దొరకలేదు. అమ్మకు దొరికింది.

"అన్న మాట మింగొద్దులేరా. రోలు యాడుంటే ఆడనే నూరుకుంటా," అని శెనక్కాయలూ ఎండుమిరపకాయలూ కొంగున కట్టుకుని మేస్త్రి ఇంటికి బయలుదేరింది. ఆ శెనక్కాయల పచ్చడి, మా ఊరిమిండి, ఘాటుకు మేస్త్రి తుమ్ముతుంటే, ఆయన భార్యా మా అమ్మా కలిసి ఆయన గుణగణాలను కూడా మెత్తగా నూరేవారు. ఆదివారమైతే నేనూ నా భార్యా పిల్లలూ వెంట. మేస్త్రి భార్య వద్దంటుందేమోనని మొదట జంకాను కానీ, ఆమె మా కోసం సంగటికి పెద్ద కుండ పొయ్యి మీద పెట్టడం మొదలెట్టింది.

కొత్తింట్లో గచ్చు వేసిన కొన్నాళ్లకు మేస్త్రి రోలును బండి మీద తెచ్చి, తాను వేసిన గచ్చును తానే పగలగొట్టి పాతాడు.

"ఇంగ నన్ను ఇడిసిపెట్టమ్మా, నా ఇంట్లో నా మాట ఇనేవాళ్లే లేరు!"

బండల సంగతి మా వీధివాళ్లు మరిచినా, ఇప్పుడు చాలామంది గోడకు దిగిన మేకు ఎవరిదో కూడా ముందే కాగితం మీద రాసుకుంటున్నారు. మంచిదే, తగవులుండవు. కానీ పని ముగిశాక ఒకరింట్లో ఒకరు ముద్ద తినడమూ ఉండడం లేదు.

మేము మాత్రం, రోలు మా ఇల్లు చేరిన ఆదివారం, అందులో నూరిన ఊరిమిండిని గిన్నెకెత్తుకుని సంగటికి మేస్త్రి ఇంటికే పోయాం. పంక్తిలో అందరికంటే ముందు కూర్చుని, రెండో ముద్ద అడిగి మరీ వేయించుకున్నాను.