లోతు లేని రేవు

ఆ ఊళ్ళో ఆమెను అందరూ క్రేనక్క అనేవారు. ఆమె కంటే వయసులో పెద్దవాళ్ళకీ ఆమె అక్కే. కన్నతండ్రి సైతం ఒక్కోసారి నోరు జారి, "క్రేనక్కా, కాసిని మంచినీళ్ళివ్వవే" అనేసి, తర్వాత తనలో తనే నవ్వుకునేవాడు.

ఆ తండ్రి పాత రేవులో మూటలు మోసి ఆమెను పెంచాడు. పడవకీ ఒడ్డుకీ మధ్య ఒక చెక్కపలక. దాని మీద తడికాళ్ళతో నడక. నెత్తిన సిమెంటు, ఎరువు, ఉల్లిపాయలు, ఏది వస్తే అది. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు చేరబడేవాడు గానీ వీపు గోడకు ఆనేది కాదు, అంతగా వంగిపోయింది. చిన్నప్పుడు ఆమె ఆ సందులో చెయ్యి దూర్చి ఆడుకునేది. కాస్త ఊహ తెలిశాక ఆ సందులో దిండు పెట్టడం మొదలుపెట్టింది.

దూరాన ఉన్న పెద్ద పోర్టులో క్రేను నడపడం నేర్పుతారని తెలిసి, వద్దన్న మేనత్తలందరినీ కాదని వెళ్ళింది. ఆ జట్టులో ఆడవాళ్ళు ఇద్దరే. రెండో అమ్మాయి నిచ్చెన సగం ఎక్కి, కిందికి చూసి, కళ్ళు తిరిగి, దిగి ఇంటికి పోయింది. ఈమె మాత్రం పైదాకా వెళ్ళి కూర్చుంది. మొదటిసారి కంటైనర్‌ను ఓడ మీంచి లేపినప్పుడు దాని బరువు ఇనప తాళ్ళ గుండా సీట్లోకి, సీట్లోంచి తన వెన్నులోకి పాకింది. ఇల్లంత పెట్టె. నాన్నలాంటి వాళ్ళు రోజుల తరబడి మోసేదంతా తన రెండు చేతుల్లో మీట కదిపినంతలో ఒడ్డుకు చేరింది. ఆ పూట ఆమె భోజనం కూడా మర్చిపోయింది.

అక్కడే ఓడల మరమ్మతు షెడ్డులో ఒక వెల్డరు పరిచయమయ్యాడు. నవ్వితే కళ్ళు కనపడని మనిషి. ఒకే క్యాంటీను, ఒకే షిఫ్టు. పెళ్ళయ్యాక కూడా పనిలో అలవాటైన "నువ్వు" పిలుపు మారలేదు. కూతురు పుట్టిన ఏడే సొంతూళ్ళో కొత్త పోర్టు కడుతున్నారనీ, క్రేనుకు మనుషులు కావాలనీ తెలిసింది.

"నువ్వు ముందు వెళ్ళు. అక్కడా మరమ్మతు షెడ్డు పెడతారటగా, అది తెరిచిన మర్నాడే వచ్చి వాలతాను," అన్నాడు మొగుడు.

"వాలకపోతే?"

"రెక్కలు విరిగాయనుకో."

నవ్వుకుంటూనే బస్సెక్కింది, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని.

ఊరు ఊరంతా అప్పుడు పెళ్ళివారిల్లులా ఉంది. ఒకాయన పొలం అమ్మి లాడ్జి కట్టాడు. ఇంకొకాయన దారీ తెన్నూ లేని స్థలంలో గోడౌను లేపాడు. చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ వస్తుందని పునాదులు తవ్వారు. రేవుకు గట్టి కాంక్రీటు గోడ లేచింది. క్రేను ముక్కలు ముక్కలుగా వచ్చి నిలబడింది. ఊళ్ళో ఏ మిద్దె మీద నుంచి చూసినా కనపడేది. మిగిలిందల్లా ఓడ రావడానికి సముద్రంలో దారి తవ్వడమే.

ఆ తవ్వకం పని మంత్రిగారి బావమరిదికి ఇచ్చారు. పూడిక తీసే ఓడ ఒకటి వచ్చింది. నాలుగు కూతలు కూసింది. ఈ పక్క ఇసుక తీసి ఆ పక్క పోసింది. పని పూర్తయిందని రాసుకుని, బిల్లు తీసుకుని వెళ్ళిపోయింది. ఒక్క వర్షాకాలం గడిచేసరికి పోసిన ఇసుకంతా తీరిగ్గా వెనక్కొచ్చి కూర్చుంది. లోతు కొలిచే మాస్టారు ఒకాయన ఉండేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. పాపం, ఆయన కొలిచింది కొలిచినట్టు చెప్పాడు. సముద్రం కనపడని ఊరికి బదిలీ చేశారు. కాగితం మీద మాత్రం రేవు లోతుగానే ఉంది. కాగితం మీద ఓడలు నడవవు కదా.

రోజూ పొద్దున్నే క్రేనక్క నిచ్చెన ఎక్కేది. తాళ్ళకు గ్రీజు పూసేది. తుప్పు పట్టకుండా క్రేను చేతిని ఖాళీగా అటూ ఇటూ తిప్పేది. ఆ తర్వాత కూర్చుని చూసేది. దూరాన, నీలం రంగు ముదిరే చోట, ఓడలు వెళ్తూ ఉండేవి. పెట్టెలు పేర్చుకుని, ఎర్రవి, ఆకుపచ్చవి, ఎవరి రేవుకో. ఒక్కటీ ఇటు తల తిప్పేది కాదు. కళ్ళు కాయలు కాసేలా చూసి చూసి, ఒక్కోసారి మనిషిని పిలిచినట్టు "ఇటు రావే" అనేది పైకే. వినడానికి అక్కడ కాకులు తప్ప ఎవరూ లేరు.

మొగుడు సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. కూతురికి నాన్న అంటే ఫోనులోంచి వచ్చే గొంతు. మాటలొచ్చాక మొదటిసారి ఎదురుగా నిలబడితే అమ్మ వెనక దాక్కుని, "ఈయన గొంతు నాన్నలా ఉందే!" అంది. అందరూ పగలబడి నవ్వారు. బస్టాండులో అతన్ని ఎక్కించి వస్తున్నప్పుడు క్రేనక్కకు ఆ మాటే గుచ్చుకుంది. వెళ్ళేవాడు వెళ్ళాక మంచం మీద అతని చొక్కా ఒకటి మిగిలిపోయింది, ఉతకడానికి మనసు రాలేదు.

"నేనే వచ్చేయనా?" అనేది ఫోనులో.

"వచ్చే ఏడు తెరుస్తారంటున్నారుగా. ఇన్నాళ్ళు ఆగాం," అనేవాడు. మరో ఏడు అతనే "వచ్చెయ్" అనేవాడు, అప్పుడు ఆమె "ఈసారి నిజమేనంటున్నారు" అనేది. ఇద్దరూ ఒకేసారి ఆశ వదులుకోలేకపోయారు. అదే వచ్చిన చిక్కు.

ఎన్నికలు దగ్గర పడ్డాక ఉన్నట్టుండి ఓడ వచ్చింది. సముద్రం పోటు మీదున్న వేళ చూసి, రెండు చిన్న పడవలు లాగుతుంటే, మెల్లగా గోడ పక్కకు చేరింది. ఊరంతా రేవులోనే ఉంది. మేళాలు, మైకులు, మంత్రిగారు. మూటలు మోసిన ముసలాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేశారు, అందులో తండ్రి ఒకడు.

క్రేనక్క పైన సీట్లో కూర్చుంది. మీట కదిపింది. పెట్టె లేచింది.

లేచిన మరుక్షణమే ఆమెకు తెలిసిపోయింది. బరువు లేదు. గాలికి ఊగే ఖాళీ డబ్బా. రెండోదీ అంతే. మూడోదీ అంతే. అడుగు ఇసుకకు తగలకుండా తేలాలని ఖాళీ ఓడను తెచ్చారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఓడ, లోపల ఏమీ లేకుండా వచ్చింది. కింద చప్పట్లు. ముందు వరసలో తండ్రి కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆయన అడిగాడు. "బరువుగా ఉన్నాయా తల్లీ?"

"చాలా బరువు నాన్నా," అంది తల వంచుకుని.

ఓడ వెళ్ళిపోయింది. మంత్రిగారు గెలిచారు. మళ్ళీ పూడిక తీయాలన్నారు, మళ్ళీ బావమరిదే వచ్చాడు. చేపల ఫ్యాక్టరీ వాళ్ళు పునాదులకే ఓ దణ్ణం పెట్టి వేరే చోటికి పోయారు. లాడ్జి గదుల్లో కోళ్ళను పెంచడం మొదలైంది. చదువుకున్న పిల్లలు బస్సులెక్కి వెళ్ళిపోతున్నారు. చివరికి పోర్టుకు అప్పిచ్చిన బ్యాంకు వాళ్ళకే అనుమానం వచ్చి, విచారించమని ఇద్దరు మనుషుల్ని పంపారు.

వాళ్ళు వచ్చే ముందురోజు పోర్టు మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు, అంతకు ముందెన్నడూ చూపించనివాడు.

"ఆ రోజు పెట్టెలు నిండుగా ఉన్నాయని చెప్పమ్మా, చాలు. మరమ్మతు షెడ్డు తొందర్లోనే తెరుస్తాం. మొదటి ఆర్డరు మీ ఆయనకే. నాదీ పూచీ."

ఒక్కక్షణం మొగుడు బస్సు దిగుతున్నట్టే కనిపించింది ఆమెకు. ఆ ఆశే ఆమెను భయపెట్టింది. బయటికొచ్చి మొగుడికి ఫోను చేసి, జరిగిందంతా చెప్పింది. అటు షెడ్డులో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"నాకు రావాలని ఎంతుందో నీకు తెలుసుగా," అన్నాడు చివరికి.

"తెలుసు."

"అయితే నన్నడక్కు. చెప్పమనీ అనలేను, వద్దనీ అనలేను. నువ్వేం చేసినా నీ వెనకే ఉంటాను."

మర్నాడు ఆ ఇద్దరి ముందు నిలబడి, "ఖాళీ పెట్టెలండీ," అంది. "అన్నీనా?" అని అడిగారు. "అన్నీ," అంది. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఇంటికి వెళ్ళాలంటే తండ్రి ముఖం ఎలా చూడాలో తెలియలేదు. ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. నువ్వు సంతోషంతో ఏడుస్తున్నావు, నాకు నోరు రాలేదు."

"పిచ్చి మొహమా! జీవితమంతా మోసినవాణ్ణి, పెట్టె ఊగడం చూస్తే తెలియదుటే? అంత ఎత్తున నువ్వు కూర్చున్నావు, అందుకు ఏడ్చాను," అన్నాడు. "పద, లోపలికి. పిల్ల ఆకలంటోంది."

బ్యాంకు డబ్బు ఆపేసింది. బావమరిది మీద కేసు పెట్టారు, బెయిలు మీద వచ్చి ఇంకో ఊరికి రోడ్డు వేసే పని పట్టాడు. మంత్రిగారు మైకులో "ఒక మనిషి నోటి దురుసు వల్ల మీ పోర్టు పోయింది" అన్నారు. కంచే చేను మేసిందని తెలిసినవాళ్ళు కూడా ఆ మాటే పట్టుకున్నారు. ఎవరినో ఒకర్ని తిట్టుకుంటే గానీ కడుపుమంట చల్లారదు కదా. టీకొట్టాయన పలకరించడం మానేశాడు. లాడ్జి ఆయన భార్య దారిలో ఎదురైతే, "మా ఇల్లు మునిగిందమ్మా" అని మాత్రం అంది. తను నోరు మూసుకున్నా ఓడలు వచ్చేవి కావని ఆమెకు తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

క్రేను తాళాలు తీసుకుని ఆమెను గేటు దగ్గర కూర్చోబెట్టారు. కొన్నాళ్ళకు క్రేనును అమ్మేశారు. కొన్నది ఎవరో కాదు, ఆమె పని నేర్చుకున్న ఆ పెద్ద పోర్టే. ముక్కలు విప్పి, అడుగు చదునుగా ఉండే బల్లపరుపు పడవ మీద పేర్చి, పోటు చూసి లాగించుకుపోయారు. ఆ కొత్త రేవు నుంచి బయటికి వెళ్ళిన సరుకంటూ ఉంటే అదొక్కటే. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి చూశారు. ఈసారి మైకులు లేవు. టీకొట్టాయన కూడా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు, పడవ కనుమరుగయ్యేదాకా.

ఆ క్రేను తీరు తెలిసిన మనిషని ఆమెను కూడా అక్కడికి పిలిచారు. తండ్రినీ కూతుర్నీ తీసుకుని వెళ్ళింది. మొగుడు బస్టాండులో నిలబడి ఉన్నాడు. కూతురు ఈసారి దాక్కోలేదు, పరిగెత్తింది. రెండు గదుల క్వార్టరు, గోడకు కొత్త సున్నం. మొదటివారం పొద్దున లేచి పక్కన మనిషిని చూసి, ఇంకా సెలవెన్ని రోజులుందని అడగబోయి ఆగిపోయేది.

ఇప్పుడామెకు ఊపిరి సలపనంత పని. ఒక ఓడ కదిలేసరికి ఇంకొకటి వచ్చి నిలబడుతుంది. పెట్టెలు బరువుగా ఉంటాయి. తను కోరుకున్నదంతా ఉంది, తను కోరుకున్న చోట తప్ప. వాటిల్లో కొన్ని పెట్టెలు ఆమె ఊరివే. ఇక్కడ దిగి, లారీలెక్కి, కొండలు తిరిగి అక్కడికి పోతాయి. ఇంటి ముందు సముద్రం ఉండగా ఆ ఊరు ఉల్లిపాయలు కూడా లారీ కిరాయి కలుపుకుని కొంటోంది. ఆ లారీల మీదికి పెట్టెలు దించేటప్పుడు ఆమె చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది. కింద నిలబడ్డ మేస్త్రీ "తొందరగా అక్కా" అని అరుస్తాడు.

ఈమధ్య ఒక మధ్యాహ్నం క్యాంటీనులో ఆ దారిన తిరిగే లారీ డ్రైవరు ఎదురయ్యాడు.

"మా ఊరెలా ఉంది?" అని అడిగింది, ఎప్పుడూ అడిగినట్టే.

"ఎలా ఉంటుందక్కా, అలాగే ఉంది. ప్రభుత్వం మారిందిగా, మళ్ళీ పూడిక తీస్తారట. ఏదో ఓడ వచ్చి ఆగింది, నేనే చూశాను."

"ఇసుక ఎక్కడ పోస్తున్నారు? దూరంగానా, పక్కనేనా?"

"అది చూడలేదక్కా."

"ఈసారి వెళ్తే చూసి చెప్పు. మర్చిపోకు."

సాయంత్రం మొగుడితో చెప్పింది. అతను బూట్లు విప్పుతూ, "మళ్ళీ మొదలా?" అన్నాడు.

"నిజంగా తవ్వుతుంటే?"

అతను బూట్లు గోడ పక్కన పెట్టాడు. లోపలి గదిలో కూతురు పాఠం చదువుకుంటోంది, తాతయ్య తప్పులు దిద్దుతున్నట్టు నటిస్తున్నాడు.

"నిజంగా తవ్వుతుంటే ముందు నువ్వొక్కదానివీ వెళ్ళడం కుదరదు. పోతే అందరం పోదాం," అన్నాడు.

ఆమె తలూపి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది.