చిలుక తల ఉన్న టైల్

అమెరికాలోని అరోరా ఊళ్లో మా పక్కింటి మెక్సికో పెద్దాయన పోయిన మంగళవారం కన్నుమూశారు. ఆ కబురు చెప్పడానికొచ్చిన వాళ్లమ్మాయి మా వంటింటి బల్ల దగ్గరే కూర్చుంది. నేను ఆమెను ఓదార్చడం మాని, బల్లమీది పప్పు గిన్నెను ఎవరూ కదపకుండా కాపలా కాశాను. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఆయన పని టైల్స్ అతకడం. ఈ చుట్టుపక్కల స్నానాల గదులు సగం ఆయన చేతివే. ప్రాణం మాత్రం సొంతూరి చర్చిలో ఉండేది. వందల ఏళ్ల నాటి బరోక్ కట్టడమట. బరోక్ అంటే ఏమిటా అని లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెచ్చి వారం కుస్తీ పట్టాను. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "గోడ ఖాళీగా కనిపిస్తే మా తాతలకు నిద్రపట్టేది కాదు, అంతే." అందుకే గోడలనిండా బొమ్మలు వేసిన టైల్స్. భూకంపానికి కొన్ని రాలితే, ఆయన గ్యారేజీలో బట్టీ పెట్టుకుని కొత్తవి చేశారు. ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. టైల్ ఎవరికిస్తే వాళ్లే తమ చేత్తో గోడకు అతకాలి.

నాకొకటిచ్చారు. నీలిరంగు చిలుక తల.

"ఒంటరిగా ఉంటే ఇది మట్టిముక్కే. గోడెక్కితేనే పిట్ట. నాతో రా, వెసీనో." వెసీనో అంటే వాళ్ల భాషలో పొరుగువాడు.

"వచ్చే సమ్మర్‌కి తప్పకుండా," అన్నాను. అలా ఎన్ని సమ్మర్లో! ఐస్‌క్రీమ్ డబ్బాలో గోంగూర పచ్చడి దాచుకునే జాతి కదా మాది. "ఊరికే పడుందిగా, బల్ల కాలిపోతోందండీ, ఇటివ్వండి," అంది మా ఆవిడ. ఇచ్చాను. ఆమె దానిమీద దించిన గిన్నెల వేడికి మెరుగు పగిలి, చిలుక మెడచుట్టూ నల్లటి చారిక పడింది.

కిందటేడు ఆయన ప్రయాణం కట్టారు. "ఈసారైనా వస్తావా? పోనీ, టైల్ ఇవ్వు. నీ బదులు నేనే అతికిస్తా."

ఆ చారిక చూపించలేక, "ఎక్కడో పెట్టి మర్చిపోయా," అన్నాను.

"దొరుకుతుందిలే," అని భుజం తట్టారు. ఇంకోటి చేస్తానని మాత్రం అనలేదు.

మొన్న మంగళవారం వాళ్లమ్మాయి ఫోన్‌లో ఆ చర్చి ఫోటో చూపించింది. గోడంతా నీలం, మధ్యలో చిలుక తల ఉండాల్సిన ఒక్క గడి మాత్రం ఉత్త సున్నం. "నాన్న దాన్ని ఎవర్నీ పూడ్చనివ్వలేదు, అంకుల్. అది పక్కింటాయనది, వస్తాడు అన్నారు."

అప్పుడు గిన్నె పక్కకు తీశాను. ఆమె కింద ఉన్న టైల్ చేతిలోకి తీసుకుని, చారిక మీద వేలు పెట్టింది.

"మరకకా భయపడ్డారు? కొవ్వొత్తి మసి పట్టని టైల్ మా చర్చిలో ఒక్కటి చూపించండి!"

ఆ మాట ఆయన నోట వినాల్సింది. వినే అవకాశం నేనే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు దాన్ని కడిగి కిటికీలో పెట్టాను. చారిక పోలేదు. అక్కడ గోడమీద రెక్కలు విప్పిన ఒళ్లు. ఇక్కడ తల ఒక్కటే, మూసి ఉన్న ఆయన గ్యారేజీ వైపే చూస్తూ.