దొరకి పట్టిన పూలనీళ్లు

గుర్రాలకి మనసుంటుందని నమ్మినవాళ్లు ఆ వీధి మొత్తానికి ఇద్దరే ఇద్దరు. ఒకరు పూలనీళ్ల పిన్ని, రెండోవాడు ఆవిడ మొగుడు. మిగతా జనం ఆవిడ ముందు తలాడించి, వెనక్కి తిరిగి ముసిముసిగా నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు గానీ, తమ గుర్రం ఉరుముకి బెదిరి గోడ తన్నినా, కొత్త చోట మేత ముట్టకపోయినా మళ్లీ ఆవిడ గుమ్మమే ఎక్కేవారు. జనం సంగతి చెప్పేదేముంది!

పిన్ని పొద్దున్నే ఎండ పడే కిటికీలో గాజు గిన్నె పెట్టి, మంచినీళ్ల మీద పూలు తేలనిచ్చేది. భయానికి పసుపు పువ్వు, బెదురుకి ఊదా పువ్వు, దుఃఖానికి ఐదు రేకుల తెల్ల పువ్వు. మధ్యాహ్నం వడగట్టి, చెడిపోకుండా కాస్త బ్రాందీ కలిపి చిన్న చిన్న సీసాల్లో పోసేది. అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని గుర్రం చేత నాకించడం, అంతే వైద్యం. ఆ నీళ్లలో ఏముందో దేవుడికే తెలియాలి. నాకినంతసేపూ దాని మెడ నిమురుతూ ఇంట్లో సంగతులన్నీ చెప్పేది. ఎంత మొండి గుర్రమైనా కాసేపటికి చెవులు వాల్చి వినేది.

మొగుడు గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. పెళ్లాం వైద్యాన్ని ఒక్కనాడూ వెక్కిరించలేదు గానీ, పెళ్లయిన కొత్తల్లోనే ఒక షరతు పెట్టాడు. ముందు తను చూడాలి, తర్వాతే పూలు. చొక్కా చెయ్యి పైకి మడిచి, గుర్రం నాలుకని ఒక పక్కకి పట్టుకుని, పళ్లన్నీ తడిమి, కాళ్లు నొక్కి చూసి, ఒంట్లో ఏ బాధా లేదని తలూపేవాడు. అప్పుడు పిన్ని సీసా మూత తీసేది. ఇరవై ఆరేళ్లు అలాగే గడిచాయి.

చలికాలం మొదట్లో ఆయన పోయాడు. దొర కాలికి లాడం కొడుతూ కొడుతూ, సుత్తి చేతిలో ఉండగానే కూలబడిపోయాడు. దొర అంటే వాళ్ల ముసలి గుర్రం. పనికిరాదని సొంతదారు వదిలించుకుంటే ఈయన తెచ్చి సాకాడు. ఆ ఇంట్లో గుర్రాన్ని ‘అది’ అన్నవాళ్లు లేరు, ‘వాడు’ అనే అనేవారు.

పది రోజులు తిరక్కుండా దొర మేత తగ్గించాడు. గడ్డి నోట్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, ముద్దలు ముద్దలుగా కింద వదిలేసేవాడు. తల ఒక పక్కకి వాల్చి, ఆయన పనిచేసే లాడాల బల్లవైపు చూస్తూ నిలబడేవాడు. అది చూసి పిన్నికి గుండె చెరువైపోయింది. తనకీ ముద్ద దిగడం లేదు మరి. తెల్లపువ్వు సీసా తీసింది. పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు చుక్కలు. నేలమీది గడ్డిముద్దల్ని చీపురుతో ఊడ్చి పారేసింది.

నిజం చెప్పొద్దూ, లోలోపల ఆవిడకి అది ఊరటగానే ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా మూడో వారానికల్లా ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆయన కోసం ఇంకా తిండి మానేసి ఉన్నది తనూ, దొరా, ఇద్దరే.

ఆడపడుచుది అచ్చం అన్నగారి పోలికే, చేతులతో సహా. గుర్రాల పనీ ఆయన పక్కనే ఉండి నేర్చుకుంది. ఒకరోజు వచ్చి కింద పడిన గడ్డిముద్ద తీసి వాసన చూసింది.

“వదినా, అన్నయ్యుంటే ముందు నోరు చూసేవాడు. పశువుల డాక్టరమ్మని పిలుద్దామా?”

పిన్నికి ఒళ్లు మండిపోయింది. “వాడికి రోగం కాదు, మీ అన్నయ్య మీద బెంగ. నీకు లేదని వాడికీ లేదనుకోకు” అనేసింది. ఆడపడుచు ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత చాలారోజులు ఆ ఛాయలకే రాలేదు.

ఆరో వారంలో దొర చెంప వాచింది. ఆ పక్క ముక్కులోంచి చీము కారింది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లిందో గానీ, పిన్ని ఆడపడుచు ఇంటికే పరుగెత్తింది. ఆవిడ అప్పటికప్పుడే డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చింది.

డాక్టరమ్మ దొర నోట్లో లైటు వేసి చాలాసేపు చూసింది. పై దవడ పన్ను నిలువునా చీలిపోయిందనీ, చీము ఎముకదాకా పాకిందనీ చెప్పింది. మొదట్లోనే పన్ను పీకేస్తే సరిపోయేదట. ఇప్పుడు మత్తిచ్చి కోయడానికి ఆ ముసలి ఒంట్లో ఏమీ మిగల్లేదు. బాధపడకుండా పంపడం ఒక్కటే దారి అంది.

“మరి వాడికి బెంగ లేదాండీ?” అనడిగింది పిన్ని.

డాక్టరమ్మ లైటు ఆర్పింది. “ఉందో లేదో నాకు తెలీదండీ. నొప్పి మాత్రం ఉంది.”

ఆ మధ్యాహ్నమే సూదిమందు సిద్ధమైంది. పిన్ని దొర తల పట్టుకుని నిలబడింది. రోజూ అలవాటైన ప్రాణం కదా, వాడు ఆవిడ అరచేతిని వెతుక్కుని నాకాడు. చేతిలో ఏమీ లేదు. అయినా నాకుతూనే ఉన్నాడు.

“నా ఏడుపు నేనొక్కదాన్నే ఏడవలేక నిన్ను తోడు చేసుకున్నానురా నాన్నా. నీ నొప్పి నాకు కనపళ్లేదు” అంది పిన్ని. డాక్టరమ్మ సూది వేసింది. దొర మోకాళ్లు మెల్లగా మడతపడ్డాయి. ఆడపడుచు వెనకనుంచి వదినగారిని పట్టుకుంది.

నెల తిరిగాక, నోరు ఎలా చూడాలో నేర్పమని పిన్నే ఆడపడుచుని అడిగింది. నాలుక ఎక్కడ పట్టుకోవాలో, చెయ్యి ఎటునుంచి పోనివ్వాలో ఆవిడ ఓపిగ్గా చూపించింది.

పూలనీళ్ల కోసం జనం ఇప్పటికీ వస్తారు. పిన్ని చెయ్యి కడుక్కుని, గుర్రం నోట్లో పళ్లన్నీ ఒక్కొక్కటీ తడుముతుంది, కాళ్లు నొక్కి చూస్తుంది. బాధేమీ లేదని తేలాక సీసా అందుకుంటుంది. మూత తీసేముందు, ఆయన తలూపుతాడేమోనని, ఒక్కసారి లాడాల బల్లవైపు చూస్తుంది.